ఎరగా గుచ్చిన చేప కూడా లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్నాను. మా మామగారు భీమవరం నుంచి విజిటర్ వీసాపై వచ్చారు. మే నెలలో ఒక శనివారం శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) మీదున్న ఒక పబ్లిక్ పియర్‌కు, అంటే నీళ్లలోకి వంతెనలా కట్టిన కట్టడానికి వెళ్లి ఇద్దరం గాలాలు వేశాం. మామగారు చిన్న గాలానికి రొయ్య ముక్క గుచ్చి వెండిరంగు చిన్న చేపలు పట్టి నీళ్ల బకెట్లో వేశారు. వాటిని బతికుండగానే పెద్ద గాలానికి గుచ్చి హాలిబట్ అనే బల్లపరుపు పెద్ద చేప కోసం వేశాం. చేపల వేటను తనిఖీ చేసే ప్రభుత్వ అధికారి (వార్డెన్) వచ్చి లెక్కపెడితే బకెట్లో 27 ఉన్నాయి. ఎరగా ఎన్ని వాడారని అడిగితే 9 అన్నాం. ఎవరు పట్టారని అడిగితే మామగారు ‘అన్నీ నేనే పట్టాను’ అన్నారు. ఆ మాట నేనే ఇంగ్లీషులో చెప్పాను. బకెట్లో రెండు వేరే రకమని, వాటికి ఇది నిషేధకాలమని కూడా అన్నారు. మామగారి పేరుమీద టికెట్ రాశారు. కోర్టు తేదీ జులైలో, ఆయన తిరుగు ప్రయాణం జూన్ 20న. గాలానికి గుచ్చేసిన చేప కూడా లెక్కేనా? వార్డెన్ మా కారులోని ఐస్ పెట్టె కూడా తెరిచి చూశారు, అలా చూడవచ్చా? వీసాలకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ మామగారి పరిస్థితి నాకు బాగా అర్థమైంది. కాలువగట్టున కప్పపిల్లను గుచ్చి కొర్రమీనుకు గాలం వేసి పెరిగినవాళ్లకు ఎరను లెక్కపెట్టాలన్న ఆలోచనే రాదు. ఎర అంటే ఖర్చు, చేప అంటే రాబడి. కాలిఫోర్నియా చట్టానికి ఈ తేడా లేదు. అక్కడ రెండూ చేపలే.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: అవును, లెక్కే. రోజువారీ పరిమితి ‘పట్టిన’ చేపలకూ ‘దగ్గర ఉంచుకున్న’ చేపలకూ కలిపి వర్తిస్తుంది. పట్టిన తర్వాత దాన్ని వండుకున్నారా, పక్కవాళ్లకు ఇచ్చారా, హాలిబట్ నోటికి అందించారా అన్నది చట్టం అడగదు. గాలానికి తగిలిన వెంటనే నీళ్లలోకి వదిలేసిన చేప లెక్కలోకి రాదు. బకెట్లో వేసినది వస్తుంది.

సముద్రంలో పట్టిన చేపను బతికుండగా ఎరగా వాడటం మాత్రం తప్పు కాదు. ఆ చేప మీ దగ్గర ఉండటం చట్టబద్ధమైతే చాలు. అంటే ఆ రకానికి అప్పుడు నిషేధకాలం ఉండకూడదు, కనీస పొడవు నిబంధన ఉంటే అది దాటాలి, మీ రోజు పరిమితిలో ఉండాలి. ఆంకోవీ, సార్డీన్, జాక్‌స్మెల్ట్, టాప్‌స్మెల్ట్ లాంటి కొన్నింటికి సంఖ్యా పరిమితి లేదు. అనుభవమున్నవాళ్లు ఎర కోసం వాటి వెంట పడేది అందుకే. మీ మామగారు పట్టినవి షైనర్ పర్చ్ అనే చిన్న చేపలు అయి ఉంటాయి. హాలిబట్‌కు అది మంచి ఎరే కానీ, మనిషికి రోజుకు 20 మాత్రమే.

ఇప్పుడు మీ బకెట్ లెక్క చూద్దాం. 27లో వేరే రకం రెండు తీసేస్తే 25. ఎరగా పోయినవి 9. మొత్తం 34. ఇద్దరు మనుషులకు 40 వరకు అనుమతి ఉంది. ఇద్దరూ పట్టి ఉంటే గొడవే లేదు. కానీ ‘అన్నీ నేనే’ అన్న ఒక్క మాటతో 34 చేపలూ ఒకే మనిషి ఖాతాలో పడ్డాయి. పడవ మీదైతే కథ వేరు. కాలిఫోర్నియా సముద్ర జలాల్లోనూ శాన్ ఫ్రాన్సిస్కో బేలోనూ ఒకే పడవలో ఇద్దరు ముగ్గురు గాలం వేస్తుంటే అందరి పరిమితీ కలిపి లెక్కవేసే వెసులుబాటు ఉంది. పియర్ పడవ కాదు కాబట్టి అక్కడ ఎవరి లెక్క వారిదే. మామగారు పట్టిన ఇరవై ఒకటో చేపను అల్లుడి ఖాతాలో వేయడం కుదరదు.

అయితే ఇక్కడే మీకు కాస్త ఆశ ఉంది. నిందితుడు కోర్టు బయట చెప్పిన మాట ఒక్కటే ఆధారంగా నేరం జరిగిందని తేల్చకూడదన్న సూత్రం కాలిఫోర్నియాలో ఉంది. దానికి తోడు స్వతంత్రమైన ఆధారం కొంతైనా కావాలి. ఇద్దరు మనుషుల మధ్య ఒక బకెట్, అందులో 25 షైనర్లు. ఆ దృశ్యం మాత్రమే చూస్తే నేరం కనబడదు. కాబట్టి నేనైతే మొదట అడిగేది వార్డెన్ రాసిన నివేదిక. ఆయన దూరం నుంచి బైనాక్యులర్లతో గంటసేపు చూసి, చేపలన్నీ పెద్దాయన గాలానికే తగిలాయని రాసి ఉంటే ఈ వాదన నిలవదు. బకెట్ దగ్గరికి వచ్చాకే లెక్క మొదలైతే నిలుస్తుంది.

వేరే రకం రెండు చేపలకు ఈ వాదన పనికిరాదు. షైనర్ సర్ఫ్‌పర్చ్ అనే చేపల కుటుంబంలోది. అది తప్ప ఆ కుటుంబంలోని మిగతా రకాలను శాన్ ఫ్రాన్సిస్కో బే, శాన్ పాబ్లో బేలలో ఏప్రిల్ 1 నుంచి జులై 31 వరకు పట్టకూడదు. ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. కడుపుతో ఉన్నవి పిల్లల్ని కనడానికి ఆ రోజుల్లో బేలోకి వస్తాయి, నిషేధం వాటికోసమే. అరచేతిలో పెట్టుకుని చూస్తే షైనర్ ఒంటి మీద నిలువుగా మూడు పసుపు చారలు కనబడతాయి. చిక్కేమిటంటే, జతకట్టే కాలంలో మగవి నల్లబడి ఆ చారలు సరిగా కనిపించవు. పొరపాటు పడటం తేలిక. పోల్చుకోలేకపోయాం అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

కారు సంగతి. ఇంటి తలుపుకు ఉన్న రక్షణ ఐస్ పెట్టెకు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అడిగినప్పుడు పట్టిన చేపలనూ, వాటిని పట్టిన సామగ్రినీ చూపించాల్సిందేనని కాలిఫోర్నియా చేపల, వేట చట్టం (ఫిష్ అండ్ గేమ్ కోడ్) 2012వ సెక్షన్ చెబుతుంది. చేపలు దాచగల ఏ పాత్రనైనా తనిఖీ చేయవచ్చని 1006వ సెక్షన్ అంటుంది. నివాస గృహాలకూ, ఆ సమయంలో ఒంటి మీదున్న బట్టలకూ మాత్రమే మినహాయింపు. 2011లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. శాన్ డియేగోలో ఒక పియర్ మీద రాత్రివేళ ఒకాయన చేతితాడుతో ఏదో పట్టి నల్ల సంచిలో వేయడం వార్డెన్ దూరం నుంచి చూశారు. అది చేపో కాదో తెలియదు. కారు పియర్ దాటి కొంత దూరం వెళ్లాక ఆపి వెతికితే, నిషేధకాలంలో పట్టిన స్పైనీ లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటి సముద్ర జీవి) కారులో దొరికింది. చట్టం ఉల్లంఘించారన్న అనుమానం లేకపోయినా, అప్పుడే చేపలు పట్టి వస్తున్న మనిషి కారును ఆపి ఏం పట్టారో చూపమని అడగవచ్చని కోర్టు తేల్చింది. కాబట్టి ఆ దారిలో వాదించి డబ్బు ఖర్చు పెట్టుకోకండి.

ఒకటి గుర్తుంచుకోండి. చూపించడం మీ బాధ్యత. కథ చెప్పడం కాదు. ఎన్ని ఎరగా వాడారు, ఎవరు పట్టారు అన్న ప్రశ్నలకు మర్యాదగా మౌనంగా ఉండే హక్కు మీ ఇద్దరికీ ఉంది. అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పకండి. మీ కేసులో బకెట్ చేసిన నష్టం కన్నా మీ అనువాదం చేసిన నష్టం ఎక్కువ. మామగారి ముచ్చట కాదనను. అల్లుడి ఎదుట ఒక మనిషి 34 చేపలు పడితే చెప్పుకోకుండా ఎలా ఉంటాడు?

ఇక టికెట్. దాని మీద సంతకం చేయడం నేరం ఒప్పుకోవడం కాదు, కోర్టుకు వస్తానన్న మాట ఇవ్వడం. ఆ మాట తప్పితే అదే విడిగా మరో నేరం. ఇలాంటి ఉల్లంఘనలు సాధారణంగా మిస్‌డిమీనర్, అంటే చిన్న స్థాయి క్రిమినల్ నేరం కిందికి వస్తాయి. సాధారణ గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. మొదటిసారి తప్పు చేసినవాళ్లను ఈ పాటి లెక్కకు జైలుకు పంపడం నా అనుభవంలో చూడలేదు, కంగారుపడకండి. కొన్ని ఉల్లంఘనలను అంతకన్నా తేలికైన ఇన్‌ఫ్రాక్షన్ స్థాయికి తగ్గించమని అడిగే వీలుంది. దానికి జైలు శిక్ష ఉండదు, జరిమానాతో పోతుంది. మీ న్యాయవాది ముందుగా ప్రయత్నించాల్సింది అదే.

వీసా విషయంలో నా సలహా ఒక్కటే. జరిమానా కట్టేస్తే పీడ పోతుందని తొందరపడి డబ్బు కట్టవద్దు. నేరాన్ని ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదికి ఆ టికెట్ చూపించండి. రేపు మామగారు మళ్లీ వీసాకు దరఖాస్తు చేస్తే, అరెస్టుల గురించీ శిక్షల గురించీ ఫారంలో అడుగుతారు. అక్కడ రాసే జవాబు కోర్టు రికార్డుతో సరిపోవాలి. చేపల కేసు కన్నా ఫారంలో దాచిన నిజం పెద్ద చిక్కు తెస్తుంది. టికెట్ మీ పేరున లేదు కాబట్టి మీ హెచ్-1బికి దీంతో సంబంధం లేదు.

మీరు అడగకపోయినా రెండు మాటలు. మిగిలిన షైనర్లను గాలి పంపు పెట్టిన బకెట్లో ఇంటికి తెచ్చి, వచ్చే శనివారం దాకా బతికించుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. సరదాగా పట్టిన చేపను పట్టిన నీటి నుంచి బతికుండగా తరలించకూడదు. సరే, చంపి ఫ్రీజర్లో పెడదాం అంటారా? అవి కూడా మీ దగ్గర ఉన్న లెక్కలోకే వస్తాయి. తాజావైనా గడ్డకట్టినవైనా ఒక మనిషి దగ్గర ఒక రోజు పరిమితికి మించి ఉండకూడదు. ఫ్రీజర్లో 20 ఉంటే, వచ్చే శనివారం ఒక్క షైనర్‌ను కూడా బకెట్లో వేయలేరు.

పబ్లిక్ పియర్ మీద చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. అది పర్యాటకులకూ వర్తిస్తుంది. కానీ మెట్లు దిగి ఇసుక మీద నిలబడి గాలం వేస్తే, పదహారేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు కావాలి. పియర్ మీద మనిషికి రెండు గాలాలే. ఎర పట్టేది ఒకటి, హాలిబట్‌కు వేసేది ఒకటి, అంతటితో లెక్క నిండింది. ఇక ఎవరి బకెట్ వారు పెట్టుకోండి. ఆ హాలిబట్ ఎప్పుడైనా తగిలితే 22 అంగుళాలు ఉందో లేదో అక్కడే కొలవండి. తక్కువైతే వెంటనే నీళ్లలోకి వదలాలి, ఫోటో కోసం బకెట్లో ఉంచకూడదు.

జులై తేదీకి మామగారు స్వయంగా రావాల్సిన పని లేదు. మిస్‌డిమీనర్ కేసులో నిందితుడి బదులు న్యాయవాది హాజరు కావడానికి పీనల్ కోడ్ 977వ సెక్షన్ వీలిస్తుంది. దానికి అవసరమైన కాగితాల మీద ఆయన సంతకాలు జూన్ 20న విమానం ఎక్కేలోపు పెట్టించండి. భీమవరం వెళ్లాక సంతకాల కోసం కొరియర్లు తిప్పడం మీ ఇద్దరికీ చాకిరీ.