టెక్ సందేహాలు: సైట్‌కి కాలిక్యులేటర్, ఆఫీసుకి కంప్యూటర్

మాది రాయగడ. సివిల్ డిప్లొమా అయ్యాక ఇక్కడే కొండ రోడ్డు పనిలో సైట్ ఇంజనీరుగా చేరాను. కాలేజీ నాటి కాలిక్యులేటర్ పాడైంది. ఫోన్‌లో యాప్, ఆఫీసులో ల్యాప్‌టాప్ ఉండగా మళ్లీ కొత్తది కొనాలంటారా?

కొనండి. యాప్‌కి లెక్క రాదని కాదు. ఎండలో ఫోన్ తెర సరిగా కనిపించదు, సిమెంటు చేతికి టచ్ పలకదు, సగం లెక్కలో ఉండగా ఎవరో ఒకరు కాల్ చేస్తారు. విడి కాలిక్యులేటర్ అయితే కీ నొక్కినట్టు వేలికి తెలుస్తుంది కాబట్టి చూపు ఫీల్డ్ బుక్ మీదే ఉంచి అంకెలు కొట్టుకుంటూ పోవచ్చు. కేసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ మీ పనికి సరిపోతుంది, సోలార్‌తో పాటు బటన్ సెల్ కూడా ఉంటుంది. నకిలీలు తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి.

మీది కొండ రోడ్డు అన్నారు కాబట్టి ఒక్క కీ గురించి గట్టిగా చెప్తాను. డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల గుర్తులున్న కీ అది. థియోడొలైట్‌లో (కోణాలు కొలిచే సర్వే పరికరం) నిలువు కోణం 3 డిగ్రీల 24 నిమిషాల 30 సెకన్లు వచ్చింది, టేపు మీద వాలు దూరం 48.25 మీటర్లు అనుకోండి. ఎత్తు తేడా కావాలంటే దూరాన్ని కోణం సైన్‌తో గుణించాలి, 2.869 మీటర్లు వస్తుంది. ఫోన్‌లో మామూలు కాలిక్యులేటర్ తెరిచి తొందరలో ఆ కోణాన్నే 3.2430 అని కొట్టేస్తే (డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అసలు అది 3.4083) వచ్చేది 2.730. దాదాపు 14 సెంటీమీటర్లు పోయాయి, పైగా చూడ్డానికి జవాబు సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డ్రెయిన్ వాలు కట్టేటప్పుడు ఇంత తేడా వస్తే నీళ్లు ఎటు పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కీ వాడితే ఈ గొడవే ఉండదు.

రోజూ పని మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టి చూడండి. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉంటే 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉంది, 0.454 వస్తే గ్రేడ్‌లలో ఉంది, ఈ రెండూ కోణానికి వేరే కొలతలు.

ఇక ఆఫీసు. మీ లెక్కని రేపు ఇంకొకరు చూడాల్సి ఉంటే అది కాలిక్యులేటర్‌లో చేయకండి. బార్ బెండింగ్ షెడ్యూలే (ఏ ఇనుప కడ్డీ ఎంత పొడవు, ఎంత బరువు అనే జాబితా) తీసుకోండి, మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకి కిలోలు, 12 ఎంఎం కడ్డీకి 0.889. ఇది ఒక్కసారైతే చేత్తో కొట్టుకోవచ్చు, కానీ రెండు వందల కడ్డీల జాబితాలో ఎక్కడో ఒక అంకె తప్పు పడితే కాలిక్యులేటర్‌లో వెతికి పట్టుకునే దారే లేదు, ఎక్సెల్‌లో అయితే ఆ గడి మీదకి వెళ్తే సూత్రం కనిపిస్తుంది, బిల్లు చూసే జేఈ (జూనియర్ ఇంజనీర్) గారూ అక్కడే సరిచూసుకుంటారు. ఎక్సెల్‌లో సైన్, కాస్‌లు కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటాయి, ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి మార్చుకోండి. బ్రాకెట్లు లేకుండా మైనస్ 2 కొట్టి వర్గం అడిగితే ఎక్సెల్ 4 అంటుంది, మీ కేసియో మైనస్ 4 అంటుంది. బ్రాకెట్లు పెట్టడానికి బద్ధకించకండి. డిజైన్ లెక్కలకైతే ఎస్‌మ్యాత్ స్టూడియో లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు ఇంకా నయం, సూత్రం కాగితం మీద రాసినట్టే కనిపిస్తుంది, యూనిట్లు కూడా రాయొచ్చు, కిలోన్యూటన్లకి మిల్లీమీటర్లు కలపబోతే అక్కడే ఆపేస్తుంది.

గుణుపురంలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాస్తున్నాను, కొత్త కాలిక్యులేటర్ కొనమంటారా?

గేట్ కోసమైతే వద్దు. హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు, తెర మీద వాళ్లిచ్చేదే వాడాలి. అందులో ముందు 30 కొట్టి తర్వాత సైన్ నొక్కాలి, అదీ మౌస్‌తోనే. మీ చేతికి కేసియో అలవాటై ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే ప్రాక్టీసు లెక్కలన్నీ ఆ వర్చువల్ కాలిక్యులేటర్‌లోనే చేయండి.

పర్లాకిమిడిలో ఎలక్ట్రికల్ షాపు మాది. విండోస్ కాలిక్యులేటర్‌లో 2 ప్లస్ 3 ఇంటూ 4 కొడితే నాకు 20 వస్తోంది, మా అబ్బాయికి 14. కంప్యూటర్ పాడైందా?

ఏమీ పాడవలేదండీ. మీది స్టాండర్డ్ మోడ్‌లో ఉంది, కొట్టిన వరసలోనే లెక్క కడుతుంది. బాబు సైంటిఫిక్ మోడ్ పెట్టుకున్నాడు, అది గుణకారం ముందు చేస్తుంది. ఎడమవైపు పైన మూడు గీతల మెనూ నొక్కితే మోడ్ మార్చుకోవచ్చు.