దగ్గు తగ్గిందని బిళ్ళలు ఆపకు

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ దీవెనలు.

దగ్గు తగ్గిందట, కాస్త ఒళ్ళు కూడా చేశావట, ఇంక టీబీ బిళ్ళలెందుకని అంటున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కోనసీమ ఊళ్ళలో నర్సుగా తిరిగినన్నాళ్ళూ ఈ మాట రెండో నెలలోనే ఎక్కువగా వినేదాన్ని. ఒరేయ్, చురుగ్గా పెరిగే క్రిములు మొదటి వారాల్లోనే చాలావరకు చస్తాయి. మొండివి కొన్ని ఊపిరితిత్తుల్లో నక్కి ఉంటాయి, మిగతా నెలలు వాటికోసమే. మామూలు టీబీకి మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. మధ్యలో మానేస్తే మిగిలినవి ఆ మందులకి లొంగకుండా తయారవుతాయి. అప్పుడు నీనుంచి పసివాడికి అంటుకునేదీ ఆ మొండి రకమే.

నీకున్న చిక్కు రాత్రి డ్యూటీ. రొయ్యల చెరువు మీద నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకుని తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే, లేచేసరికి మధ్యాహ్నం. అందుకని బిళ్ళలు గట్టుమీద షెడ్డులోనే తడి తగలని డబ్బాలో పెట్టుకో. తెల్లారగానే పరగడుపున మింగు, టిఫిను గంట పోయాక. సంక్రాంతికి అత్తారింట్లో పొద్దున్నే పూతరేకులు చేతిలో పెట్టినా సరే, గంట ఆగాల్సిందే. కడుపులో తిప్పితే నీ అంతట నువ్వు మానకు, డాక్టరుని అడుగు. ఓరోజు మర్చిపోతే మర్నాడు రెండు రోజులవీ కలిపి మింగకు, ఊళ్ళో ఆశా వర్కరు అమ్మాయికి చెప్పు.

మూత్రం ఎర్రగా వస్తోందని కోడలుపిల్ల హడలిపోయిందట. అది నువ్వు మింగే మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు, భయం లేదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకేసినా మాత్రం ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళు. పసరు వైద్యం అంటూ తిరగొద్దు. చెరువులో రొయ్యల పట్టుబడి అయిన రాత్రి అందరూ సీసాలు తీస్తారు, నువ్వు కూర్చోకు. ఈ బిళ్ళల బరువే నీ కాలేయానికి చాలు.

బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చావా? తిండికని ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు చేశారు. గుడ్లూ పప్పూ కొనుక్కో, ఫోను రీఛార్జికి తగలెయ్యకు.

రెండో నెలాఖరున కళ్ళె పరీక్ష ఉంటుంది. ఆ రోజు చెరువులో పనుందని వంక పెట్టకు. రిపోర్టు రాగానే ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ