పక్క సీటు అమ్మాయితో స్నేహం ఎలా పెంచుకోవాలి?

ప్రశ్న: నా వయసు 27. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాలుగు నెలల క్రితం చేరిన అమ్మాయి నా పక్క సీటులో కూర్చుంటుంది. రోజూ పుత్తూరు నుంచి బస్సులో వచ్చిపోతుంది. నవ్వుతూ పలకరిస్తుంది, క్యారియర్ విప్పితే ఊరుబిండి నాకూ పెడుతుంది. ఆమె గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది. సాయంత్రం బైకు మీద బస్టాండ్‌లో దింపుతాననో, ఆదివారం అలిపిరి మెట్ల దారిన కొండకు వెళ్దామనో అడగాలనుకుంటున్నాను. తప్పుగా అనుకుంటుందేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: ఆ రెండూ ఇప్పుడే అడగొద్దు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మామూలుగా నడిచేవాళ్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది. గాలిగోపురం చేరేలోపే ఆమెకు ఇబ్బందిగా అనిపిస్తే మధ్యలో వెనక్కి తిరగలేదు. పైగా మన ఊళ్లో ఇద్దరూ కలిసి కొండకు వెళ్లారంటే చూసినవాళ్లు పెళ్లిదాకా అల్లేస్తారు. బైకు సంగతీ అంతే. ఆఫీసు గేటు దగ్గర ఆమె మీ బండెక్కితే మర్నాడు నలుగురికీ జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు, ఆమె.

పక్క సీటు పరిచయంలో ఉన్న చిక్కు ఒకటే. మీ మాట నచ్చకపోయినా ఆమె లేచి వెళ్లిపోలేదు, రోజంతా అక్కడే కూర్చోవాలి. అందుకని మర్యాదకు నవ్వే నవ్వు కూడా ఉంటుంది. ఊరుబిండి పెట్టారంటారా, మనవైపు పక్కవాళ్లకు పెట్టకుండా తినే అలవాటు ఎవరికుంది? అందులో ఇష్టం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీరు గమనించాల్సినవి వేరే. అడగకుండానే తన సంగతులు చెబుతోందా? మీరు చెప్పింది గుర్తుంచుకుని రెండు రోజుల తర్వాత ‘అదేమైంది?’ అంటోందా? అందరితోనూ అలాగే ఉంటే అది ఆమె స్వభావం. ఒక్క ముక్కలో జవాబిచ్చి స్క్రీన్ వైపు తిరిగితే అక్కడితో ఆపండి.

రెండు మూడు వారాలు మామూలు మాటలే మాట్లాడండి, అదీ టీ వేళ అయిదు నిమిషాలు. జీఎస్టీ రిటర్నులకు 11, 20 తేదీల గడువు ముంచుకొచ్చినప్పుడు కబుర్లు వద్దు. ‘బస్సు దొరికిందా?’ అంటే ‘ఆ’ అనేసి ఊరుకుంటారు. ‘ఆ రద్దీలో పుత్తూరు బస్సులో సీటెట్లా పట్టుకుంటారండీ?’ అంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మే నెలలో అయితే గంగజాతర ఉండనే ఉంది. వేషాలు చూశారా, మీ ఊళ్లో జాతర ఎట్లా చేస్తారు అని అడగొచ్చు. మీ సంగతీ ఒకటి చెప్పండి, లేకపోతే ఇంటర్వ్యూలా ఉంటుంది. ‘మీవాళ్లెవరు?’, ‘సంబంధాలు చూస్తున్నారా?’, ‘జీతమెంత?’ అనే ప్రశ్నలు మాత్రం నోట రానీయొద్దు. వారంలో ఒకరోజు మీ ఇంటి నుంచీ ఏదైనా తెచ్చి, ఆమెకొక్కదానికే కాకుండా పక్కనున్న అందరికీ పెట్టండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి నంబరు తీసుకుని రాత్రిపూట గుడ్‌నైట్ బొమ్మలు పంపడం చాలా పరిచయాలను అక్కడే చెడగొడుతుంది.

మాటలు సాగుతున్నాయని నమ్మకం కుదిరాక ఒక్కసారి అడగండి. సీటు దగ్గర కాదు, నలుగురిలో కాదు, టీకి బయటికొచ్చినప్పుడు. ‘శనివారం పనయ్యాక ఓ పదిహేను నిమిషాలు కాఫీ తాగుదామా? బస్సుకు ఆలస్యమవుతుందంటే వద్దులెండి, నేనేమీ అనుకోను.’ ఎంతసేపో ముందే చెప్పారు, కాదనడానికి దారీ చూపించారు. ‘చూద్దాం’, ‘ఇంకెప్పుడైనా’ అంటే కాదన్నట్టే తీసుకోండి. మొహమాటం ఉన్నవాళ్లు ఇంతకన్నా గట్టిగా చెప్పలేరు. నిజంగా ఇష్టముంటే మరో రోజు ఆమే చెబుతుంది.

కాదంటే కారణం అడగొద్దు, తోటివాళ్లతో రాయబారం పంపొద్దు. మర్నాడు ఫైలు అడిగే గొంతు నిన్నటిలాగే ఉండాలి. పలకరింపు మానేస్తే ఆమెకు శిక్ష వేసినట్టవుతుంది. పని చేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. ఆమెకు ఇష్టంలేని ప్రవర్తనా, కాదా అన్నది అక్కడ ముఖ్యం. మర్యాదగా ఒకసారి అడగడం వేరు, కాదన్నాక వెంటపడటం వేరు. ఆమె సెలవు చీటీ మీద సంతకం పెట్టేది మీరే అయితే ఆ ఒక్కసారి కూడా అడగొద్దు. మీకు కాదనడం ఆమెకు భయమవుతుంది.

ఒప్పుకుని వస్తే, పదిహేను నిమిషాలు కాగానే ముందు మీరే లేవండి. ఆమె పుత్తూరు బస్సు తప్పిపోకూడదు.