సియాలిక్ ఆమ్లం ఎక్కడ రాలిపోతోంది?

ప్రశ్న: ఫెటుయిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) నుంచి పీఎన్‌జీఏజ్ ఎఫ్ అనే ఎంజైముతో చక్కెర గొలుసులు విడదీసి, 2-ఏబీ అనే లేబుల్ రసాయనం తగిలించి మాల్డీలో (లేజరుతో అణువుల ద్రవ్యరాశి కొలిచే పరికరం) పాజిటివ్ మోడ్‌లో, అంటే ధనావేశ అయాన్లుగా చూస్తే, సియాలిక్ ఆమ్లం (గొలుసు చివర ఉండే ఆమ్ల చక్కెర) ఉన్న పీకులు బాగా చిన్నవిగా వస్తున్నాయి. లేబులింగే తప్పా?

జవాబు: ముందు ద్రవ్యరాశి చూడండి. 2-ఏబీ సరిగా అంటితే గొలుసుకు 120 డాల్టన్లు (అణువుల ద్రవ్యరాశి ప్రమాణం) పెరుగుతాయి. అది సరిపోయి, 291 డాల్టన్లు (ఒక సియాలిక్ ఆమ్లం రాలితే తగ్గేంత) తక్కువలో ఇంకో పీకు ఉంటే లేజరు శక్తి తగ్గించండి. ఆ పీకు కుంగితే, ఆమ్లం పరికరంలోనే రాలుతోంది. అప్పుడు సగం నమూనాను లేబుల్ వేయకుండా పర్మిథైలేషన్ (గొలుసంతటా మిథైల్ గుంపులు తగిలించడం) చేయడమే మేలు. బాగా ఆరబెట్టి, డీఎంఎస్ఓ అనే ద్రావణిలో నూరిన సోడియం హైడ్రాక్సైడ్, మిథైల్ అయొడైడ్ కలపండి. సియాలిక్ ఆమ్లంలోని కార్బాక్సిల్ (ఆమ్ల గుంపు) ఎస్టరుగా మారి, గొలుసుతో దాని బంధం నిలుస్తుంది. తడి తగిలితే మిథైలేషన్ అసంపూర్తిగా ఆగి, 14 డాల్టన్ల మెట్లుగా పీకులు దిగుతాయి. మిథైల్ అయొడైడ్ విషం, ఫ్యూమ్ హుడ్‌లోనే వాడండి.