పారబోలా నచ్చింది కాబట్టి సివిల్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పారబోలా అనే వంపు గీత పాఠం అయినప్పటి నుంచి మానేరు మీది కేబుల్ బ్రిడ్జి చూపించి, "అందులో ఉన్నది ఇదే నాన్నా, నేను సివిల్ తీసుకుని బ్రిడ్జిలు డిజైన్ చేస్తా" అంటోంది. బంధువులంతా కంప్యూటర్సే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చిన్న సవరణ. మానేరు వంతెన కేబుళ్లు టవర్ నుంచి రోడ్డుకు తిన్నగా దిగుతాయి. అది కేబుల్ స్టేయ్డ్ రకం, హైదరాబాద్‌లో దుర్గం చెరువుదీ అంతే. పారబోలా కావాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ లాంటి సస్పెన్షన్ బ్రిడ్జి చూడాలి, అంటే టవర్ల మధ్య వేలాడే కేబుల్‌కు రోడ్డును తగిలించిన వంతెన. ఈ మాట చెప్పగానే అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందా, "మరి అక్కడే ఎందుకు వస్తుంది?" అని అడుగుతుందా గమనించండి. నా సలహా సగం దాని మీదే ఉంది.

అడిగితే ఇలా చెప్పండి. బట్టలు ఆరేసే తాడు ఖాళీగా వేలాడితే వచ్చేది పారబోలా కాదు, కేటనరీ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, గెలీలియో కూడా దాన్ని దాదాపు పారబోలాయే అన్నాడు. అక్కడ బరువు తాడు పొడవునా ఉంది. సస్పెన్షన్ బ్రిడ్జిలో కేబుల్ కంటే దానికి వేలాడే రోడ్డు బరువే ఎక్కువ, అది అడ్డంగా ప్రతి మీటరుకూ సమానం. కాబట్టి మధ్య నుంచి దూరం ఎంత పెరిగితే కేబుల్ వాలు అంత పెరుగుతుంది. ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ స్క్వేర్, అదే పారబోలా.

గోల్డెన్ గేట్‌లో టవర్ల మధ్య దూరం 1280 మీటర్లు, కేబుల్ మధ్యలో దిగేది సుమారు 143 మీటర్లు. దూరం స్క్వేర్‌ను 143కు ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపు 1432. అంటే కేబుళ్లు మోసే ప్రతి మీటరులో ఒక్క టన్ను బరువుంటే, వాటిలో అడ్డంగా పుట్టే లాగుడు 1432 టన్నులు! లోతు సగం చేస్తే లాగుడు రెట్టింపు. తాడు మరీ బిగించి కడితే తడిబట్టలు వేయగానే మేకు ఊడొచ్చేది ఇందుకే. మధ్య నుంచి 320 మీటర్ల దగ్గర కేబుల్ ఎంత ఎత్తుకు లేస్తుందో అమ్మాయిని అడగండి. 36 మీటర్లకు దగ్గరగా రావాలి.

ఇక చదువు. బీటెక్ సివిల్‌లో మట్టి, కాంక్రీటు, సర్వే, నీళ్లు అన్నీ ఉంటాయి, వంతెనల వాటా తక్కువ. అసలు పని నేర్పేది స్ట్రక్చరల్ ఎంటెక్. గేట్ పరీక్ష రాసి ఎన్ఐటీ వరంగల్‌లోనో, ఐఐటీ హైదరాబాద్‌లోనో చేరవచ్చు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండదు, ఇది ఇప్పుడే ఒప్పుకోవాలి. సస్పెన్షన్ బ్రిడ్జిలూ మన దగ్గర అరుదే. చేతికొచ్చే పని ఎక్కువగా ఫ్లైఓవర్లు, మెట్రో, రైల్వే గర్డర్లు. అయినా సమానంగా బరువు పడ్డ గర్డర్‌ను మధ్యలో వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) లెక్కలోనూ అదే దూరం స్క్వేర్, అదే ఎనిమిది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె నమ్మదగినదో కాదో తేల్చేది అలాంటి చేతిలెక్కే.

ఆప్షన్లు పెట్టేలోపు తెలిసిన ఇంజనీరును పట్టుకుని, ఫ్లైఓవర్ కడుతున్నచోట అమ్మాయిని ఒక పూట నిలబెట్టండి. మంచి ఎండలో.