వకీలు నోటీసుకి భయపడుతున్న తమ్ముడికి, హిజ్కియా ఏం చేశాడో చూడు

వందనాలు తమ్ముడూ, పర్లాకిమిడిలో ఇంటి జాగా గురించి మీ పెదనాన్న వకీలు నోటీసు పంపారు, కొంత డబ్బిచ్చి వదిలించుకోనా లేక ప్రార్థన చేసుకుంటూ ఊరుకోనా అని అడిగావు కదా, రెండూ వద్దు, బైబిల్లో యూదా రాజు హిజ్కియా సంగతి ఒకసారి చదువు.

అష్షూరు రాజు సన్హెరీబు మీదికొస్తే ముందు హిజ్కియా కూడా డబ్బుతోనే సరిపెడదామనుకున్నాడు. 300 తలాంతుల (అప్పటి తూకం) వెండి, 30 తలాంతుల బంగారం, దానికోసం మందిరం తలుపుల మీదున్న బంగారం కూడా తీయించి ఇచ్చేశాడు (2 రాజులు 18). అయినా సైన్యం యెరూషలేము దాకా వచ్చేసింది.

19వ అధ్యాయంలో హిజ్కియాకి సన్హెరీబు బెదిరింపు ఉత్తరం వస్తుంది చూడు, నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. ముందు చదివాడు, చదివాక మందిరానికి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు, దాచలేదు, చింపలేదు. నువ్వు కూడా ఆ కాగితం ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పుకో, పెదనాన్న కోసం కూడా ప్రార్థించు. నోటీసు ఒడియాలో ఉందన్నావు, సగం అర్థమై భయపడే కన్నా బాగా తెలిసినవాళ్లతో పూర్తిగా చదివించుకో, జవాబుకి గడువెంతో చూడు.

ఇంకోటి, హిజ్కియా చేతులు కట్టుకుని కూర్చోలేదు, గిహోను ఊట నీళ్లు పట్టణంలోకి మళ్లించాడు, పడిపోయిన గోడ కట్టించాడు, యెషయా ప్రవక్త దగ్గరికి మనుషుల్ని పంపాడు. అందుకే పట్టా, పన్ను రసీదులు జెరాక్స్ తీయించి మంచి వకీలుని కలువు, సంఘ పెద్దల్లో ఒకర్ని తోడు తీసుకెళ్లి పెదనాన్నతో మాట్లాడు. జవాబు మాత్రం గడువులోపే పంపించు.