పెళ్లి కాలేదని ఇల్లు ఖాళీ చేయించగలరా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, నా పార్ట్‌నర్‌కి 30. మాకు పెళ్లి కాలేదు. ఆరు నెలల క్రితం ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. 11 నెలల అగ్రిమెంట్ అతని ఒక్కడి పేరు మీదే ఉంది. మేం భార్యాభర్తలమని బ్రోకర్ ఓనర్‌కి చెప్పాడట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. పెళ్లి కాలేదని రెండు నెలల క్రితం మేమే ఓనర్‌కి చెప్పాం, అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తున్నారని, ఆదివారంలోగా ఖాళీ చేయకపోతే తాళం వేస్తామని, పోలీసులకు చెబుతామని అంటున్నారు. అడ్వాన్స్ మాటెత్తితే దాటేస్తున్నారు. ఏం చేయాలి మేడమ్?

జవాబు: ముందు పోలీసుల టెన్షన్ పక్కన పెట్టండి. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో నటి ఖుష్బూ కేసులో స్పష్టంగా చెప్పింది. పెళ్లి కాని జంట లాడ్జి గదిలో ఉండకూడదనే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019లో అంది. స్టేషన్‌కి పిలిస్తే ఆధార్ కార్డులు, అగ్రిమెంట్ కాపీ పట్టుకెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉత్తరాఖండ్‌లో ఉంటే మాత్రం సంగతి వేరు. అక్కడ 2025 నుంచి సహజీవనాన్ని రిజిస్టర్ చేయించుకోవాలి.

మీకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. ఇల్లు ఇవ్వకముందే ఓనర్ ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఉంటే, కోర్టుకెళ్లినా గెలవడం చాలా కష్టమయ్యేది. రాజ్యాంగంలోని 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వం చూపే వివక్ష గురించి. దుకాణాలు, హోటళ్ల లాంటి చోట్ల ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది కానీ, అందులో ఉన్నవి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు. పెళ్లయిందా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. పార్సీలకు మాత్రమే సభ్యత్వం అన్న హౌసింగ్ సొసైటీ నిబంధననే 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇది మారాలని నేనూ అంటాను. ఇప్పటికైతే పరిస్థితి ఇదే.

మీరు ఇప్పటికే ఆ ఇంట్లో ఉన్నారు కాబట్టి మీ పరిస్థితి మెరుగు. గడువున్న అగ్రిమెంట్‌ను ఓనర్ నోటిమాటతో రద్దు చేయలేరు. అందులోని నోటీసు షరతు ప్రకారమే నడవాలి. తాళం వేసే అధికారం ఓనర్‌కీ లేదు, అసోసియేషన్‌కి అసలే లేదు. మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందమే లేదు కదా! బలవంతంగా బయటకు పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా సివిల్ కోర్టులో దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అంతదాకా రాకముందే ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, కోరవచ్చు.

ఓనర్ తరఫు లాయర్ పట్టుకునేది బ్రోకర్ చెప్పిన అబద్ధాన్నే. మోసంతో పొందిన సమ్మతి అని తేలితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు అవతలివాళ్లకు ఉంటుంది. కానీ నిజం తెలిశాక కూడా రెండు నెలలు అద్దె తీసుకున్నారంటే, ఒప్పందాన్ని కొనసాగించడానికి ఒప్పుకున్నట్టేనని మనం వాదించవచ్చు. కాబట్టి ఆ రెండు నెలల యూపీఐ రసీదులు, మీరు విషయం చెప్పిన వాట్సాప్ మెసేజ్ ఉంటే దాని స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేయండి. నోటిమాటగా చెప్పి ఉంటే, ‘ఫలానా రోజు మీకు చెప్పాం కదండీ’ అని ఇవాళే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. ఆయన ఇచ్చే జవాబు మనకు పనికొస్తుంది.

ఇంకో లోటు, అగ్రిమెంట్‌లో మీ పేరు లేకపోవడం. కాగితం మీద కిరాయిదారు అతనొక్కడే కాబట్టి నోటీసైనా దావా అయినా అతని పేరు మీదే వెళ్లాలి. అగ్రిమెంట్‌లో ‘కుటుంబంతో నివసించుటకు’ అన్న వాక్యం ఉందేమో చూడండి. చాలామంది టైపిస్టులు పాత కాపీలోది అలాగే దించేస్తారు. ఉంటే ఓనర్ దాన్ని వాడుకుంటారు.

అద్దె మాత్రం ఆపకండి. కోపంతో ఆపేస్తే బాకీ పేరుతో ఖాళీ చేయించే కారణం మీరే ఇచ్చినవాళ్లవుతారు. తాళం బెదిరింపు గురించి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

రోజూ ఈ గొడవ మధ్య ఉండలేం అనుకుంటే, వెళ్లిపోవడమూ తెలివైన పనే. కానీ అడ్వాన్స్ చేతికి వచ్చిన రోజే తాళంచెవులు ఇస్తామని లీగల్ నోటీసులో రాయించండి. వచ్చే ఇంటికి బ్రోకర్‌తో కాకుండా ఓనర్‌తో మీరే మాట్లాడి, ఇద్దరి పేర్లతో అగ్రిమెంట్ రాయించుకోండి.